హోనొలులులో హులా క్లాసు: చేరొచ్చా?

హోనొలులులో ఉంటున్న మనవాళ్ళు కొందరు అడుగుతున్నారు కాబట్టి నేను వెళ్ళే హాలావ్ గురించి రాస్తున్నాను. హవాయి దీవుల సంప్రదాయ నృత్యమైన హులా నేర్పే బడిని హాలావ్ అంటారు, గురువుని కుము అంటారు. మా కుముకి ప్రచారం ఇష్టం ఉండదు, అందుకే పేరు రాయట్లేదు. ముందే చెప్పేస్తున్నా: చేరండి. ఒళ్ళు తగ్గడానికో, రీల్స్ కోసమో అయితే మాత్రం ఇది మీ చోటు కాదు.

క్లాసు తలుపు బయటే మొదలవుతుంది. అందరం వరసగా నిలబడి, లోపలికి రానివ్వమని హవాయి భాషలో ఓలి, అంటే శ్లోకంలాంటి పాట, పాడతాం. లోపల్నుంచి కుము బదులు పాడితేనే గడప దాటాలి. గొంతులు కలవకపోతే బదులు రాదు, మళ్ళీ మొదట్నుంచి పాడాలి. ఆఫీసు నుంచి పరుగున వచ్చిన టెన్షన్ అంతా అక్కడే దిగిపోతుంది.

మొదట కాహోలో నేర్పుతారు, అంటే పక్కకి వేసే నాలుగు లెక్కల అడుగు. నడుము ఊగాలి, భుజాలు కదలకూడదు. చిన్నప్పటి కూచిపూడి వల్ల మోకాళ్ళు వంచి నిలబడటం నాకు తేలిగ్గానే వచ్చింది. పాదాన్ని నేలకి కొట్టకుండా మెత్తగా ఆనించడానికే చాలా రోజులు పట్టింది.

నాకు అన్నిటికంటే నచ్చింది, అడుగుల కంటే ముందు మాటలు నేర్పడం. పాటలో వాన ఉంటే అది ఏ వానో తెలియాలి. మానోవా లోయలో కురిసే వానకి తువాహినె అని పేరు, హీలో అనే ఊళ్ళో కురిసే వానకి కనిలెహువా. వేళ్ళు ఆడిస్తూ చెయ్యి కిందికి దించగానే కుము ఆపి "ఏ వాన?" అని అడుగుతారు. చెప్పలేకపోతే ఆ లైను మళ్ళీ చదివిస్తారు. 1830లో కాహుమాను రాణి బహిరంగంగా హులా ఆడకూడదని నిషేధించారు. 1883లో కలాకౌవా రాజు తన పట్టాభిషేకంలోనే హులా ఆడించారు. ఈ చరిత్రంతా కుము పాఠంలా చెప్పరు, ఇపు హెకె మీద తాళం వేస్తూ మధ్యమధ్యలో చెబుతారు. అది రెండు ఎండు సొరకాయ బుర్రల్ని ఒకదానిమీద ఒకటి అతికించి చేసిన వాయిద్యం. కింద చాప మీద దించితే ఒక మోత, పక్కన వేళ్ళతో కొడితే ఇంకో మోత.

ప్రదర్శనలకి ముందు లేయిలు, అంటే దండలు, కట్టే సాయంత్రాలు ఇంకా బాగుంటాయి. కీ మొక్క ఆకుల్లో నడిమి ఈనె తీసేసి, మెత్తబడ్డాక కొసని కాలి బొటనవేలికి తగిలించి, రెండు పాయలుగా మెలి తిప్పుకుంటూ పోతారు. పాయ అయిపోతుండగా కొత్త ఆకు దూరుస్తారు. మా పెద్దావిడ ఒకరు కబుర్లు చెబుతూ, చేతులవైపు చూడకుండానే మూరలకి మూరలు అల్లేస్తారు. నాది ఇప్పటికీ అతుకుల దగ్గర ఉబ్బుతోంది, ఆవిడే పక్కన కూర్చుని విప్పి చూపిస్తారు. హీలోలో మెర్రీ మోనార్క్ ఉత్సవం జరిగే వారం క్లాసుండదు. అక్కడ 1971 నుంచి జరుగుతున్న హులా పోటీల్ని అందరం ఒకరింట్లో చేరి టీవీలో చూస్తాం. ఎవరి వరస ఎక్కడ వంకరైందో అందరికంటే ముందు పట్టేసేది కూడా ఈవిడే.

ఇబ్బందులూ ఉన్నాయి. పార్కింగ్ దొరకదు, బస్సే నయం. కొత్తవాళ్ళకి వేరే బ్యాచ్ లేదు, వెనక వరసలో నిలబడి ముందువాళ్ళని చూసి పట్టుకోవాలి. వీడియో తీయనివ్వరు కాబట్టి ఇంట్లో ప్రాక్టీసుకి జ్ఞాపకమే ఆధారం. కారణం నాకు అర్థమైంది గానీ, మొదట్లో కొత్తవాళ్ళకి కనీసం ఆడియో అయినా ఇస్తే బాగుండేది.

చేరేముందు పాఊ కొనేయకండి. నడుము దగ్గర వరసలుగా ఎలాస్టిక్ కుట్టిన కుచ్చుల పావడా అది. ఎంత పొడుగు ఉండాలో, ఏ రంగో ఒక్కో హాలావ్‌లో ఒక్కోలా ఉంటుంది. మా దగ్గర పాతవాళ్ళు కొలతలు తీసుకుని కుట్టిస్తారు. అప్పటిదాకా లెగ్గింగ్స్ మీద ఏదైనా వదులు పావడా చాలు.