మేత కొట్టు ముందు బల్ల: ఏడేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

నేను 2018లో చెన్నైలో ఉద్యోగం మానేసి వచ్చి, నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో రెండు రొయ్యల గుంటలు లీజుకు తీసుకున్నాను. అప్పటి నుంచి రోజూ నాకు పనికొచ్చింది మా మేత కొట్టు ముందున్న చెక్క బల్ల. పొద్దున మొదటి మేత వేశాక, ఏడున్నర ప్రాంతంలో చుట్టుపక్కల రైతులు అక్కడ చేరతారు. పక్కనే నీళ్లు పరీక్షించే ల్యాబ్ ఉంది. టీ తాగుతూ ఎవరి గుంట సంగతి వాళ్లు చెప్పుకుంటారు, సలహా అడుగుతారు, ఇస్తారు. పైసా ఖర్చు లేదు. కొత్తగా సాగులోకి వచ్చేవాళ్లు "అక్కడికి వెళ్తే ఉపయోగం ఉంటుందా అన్నా" అని అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నాను.

మొదటి రోజు నాకు చాలా బాధేసింది. గుంటలో రొయ్య పిల్ల వదిలి నలభై రోజులైంది, తెల్లవారుజామున రొయ్యలన్నీ పైకి తేలుతున్నాయి. పరుగున వచ్చి "రొయ్య పైకొస్తోంది, ఏం మందు వేయాలి?" అని అడిగాను. ఒక పెద్దాయన నా వైపు చూసి, "ఎన్ని గంటలకి చూశావు నాయనా? ఎకరాకి ఎంత పిల్ల వదిలావు? రాత్రి ఫ్యాన్లు ఎన్ని తిరిగాయి? నిన్న మబ్బు పట్టిందా? చెక్ ట్రేలో మేత మిగిలిందా?" అని వరసగా అడిగాడు. (ఫ్యాన్లంటే నీళ్లలోకి గాలి ఎక్కించేవి, చెక్ ట్రే అంటే రొయ్య మేత తింటోందో లేదో చూడటానికి నీళ్లలో దించే పళ్లెం.) సగానికి నా దగ్గర జవాబు లేదు. సలహా చెప్పకుండా పరీక్ష పెడుతున్నాడనిపించి, లేచి వచ్చేశాను.

ఆయన అడిగినవి ఎందుకో అర్థం కావడానికి నాకు ఒక పంట పట్టింది. రొయ్య పైకొచ్చిందన్న ఒక్క మాటతో ఏదీ తేలదు. రాత్రి నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి, తెల్లారేలోపు డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. పగలంతా మబ్బు పడితే ఇంకా తక్కువ. అప్పుడు కావలసింది మందు కాదు, ఫ్యాన్లు. అదే రొయ్య మేత మానేసి, పట్టపగలు గట్టు వారగా వస్తుంటే అది వైరస్ కావచ్చు, ల్యాబ్‌కి వెళ్లాల్సిందే. అమావాస్యకో పౌర్ణమికో గుల్ల విడిచి నీరసంగా ఉంటే అది మరో సంగతి. టైం, వాతావరణం తెలియకుండా సలహా చెప్పేవాడు మనకి మేలు చేస్తున్నట్టు కాదు. ఆ పెద్దాయన 1990లలో టైగర్ రొయ్య వేసి, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బుకి పంటంతా పోగొట్టుకుని, 2009లో వనామి అనే విదేశీ రకానికి అనుమతి వచ్చాక మళ్లీ దిగిన మనిషి. ఆయన ప్రశ్న వెనకాల ఆ నష్టం ఉంది.

అందుకే కొత్తవాళ్లకి నేను గట్టిగా చెప్పే మాట: ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పిల్ల వదిలిన తేదీ, పిహెచ్ (నీళ్ల ఆమ్ల-క్షార గుణం) పొద్దునెంత సాయంత్రమెంత, సెలినిటీ (ఉప్పదనం), రోజుకి ఎంత మేత అన్నీ రాసుకుని రండి. ఇంకెవరినైనా అడిగి ఏదైనా వేసి ఉంటే దాచకండి. మా దగ్గర ఒకతను బల్ల మీద అడిగి, మందులమ్మే మనిషినీ అడిగి, ఇద్దరు చెప్పిందీ ఒకే మధ్యాహ్నం వేశాడు. అందులో సున్నం ఉంది. అసలే ఎక్కువగా ఉన్న పిహెచ్ ఇంకా పెరిగింది. పిహెచ్ పెరిగితే నీళ్లలో ఉన్న అమ్మోనియా మరీ విషమవుతుంది. మర్నాటికి సగం గుంట చచ్చింది. ఇంకొకరినీ అడిగానని, పిహెచ్ ఎక్కువుందని అతను ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఎవరూ సున్నం వేయమనేవాళ్లు కాదు.

సలహా తీసుకుని వెళ్లినవాళ్లు వారానికైనా తిరిగొచ్చి ఏమైందో చెప్పాలి. పట్టుబడి బాగా వస్తే చెప్పరు, పోతే అసలు రారు. అలాంటప్పుడు తర్వాత వచ్చేవాడికి ఏం చెప్పాలో పాతవాళ్లకి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఇక పాతవాళ్ల సంగతి. ఇది రాయడానికి మనసు ఒప్పడం లేదు, ఎందుకంటే ఇందులో నేనూ ఉన్నాను. మూడేళ్ల కిందట ఒక కుర్రాడు కొత్తగా గుంట పట్టాడు. రొయ్య మేత తినడం లేదని వచ్చి అడిగాడు. సెలినిటీ ఎంత అంటే తెలీదన్నాడు. "ఓనమాలు రానోడివి గుంట ఎందుకు పట్టావబ్బా?" అని మాలో ఒకాయన అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కుర్రాడు టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

అతని గుంటకి వచ్చింది వైట్ స్పాట్. అడిగితే మళ్లీ నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. వైరస్ చావడానికి బ్లీచింగ్ వేసి ఆ నీళ్లు గుంటలోనే ఆపాలని తెలియక, రాత్రికి రాత్రి కాలవలోకి వదిలేశాడు. మేమందరం నీళ్లు తోడుకునేది ఆ కాలవ నుంచే. పదిహేను రోజుల్లో నాలుగు గుంటలు పోయాయి, అందులో ఒకటి నాది. అతన్ని తిట్టినవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ నవ్వే గుర్తొస్తుంది. సిగ్గుపడినవాడు జబ్బు దాస్తాడు, దాచిన జబ్బు నీళ్లలో కలిసి మన గుంటకే వస్తుంది.

ఆ తర్వాత బల్ల మారింది. కొత్తవాడు వస్తే ముందు కూర్చోబెట్టి టీ ఇస్తారు, అతను పూర్తిగా చెప్పేదాకా ఆగుతారు. తెలియనివాటికి తిట్టకుండా, ఎలా కొలవాలో ల్యాబ్‌కి తీసుకెళ్లి చూపిస్తారు. వైరస్ అని తేలితే ఎవరు చెప్పినా తప్పు పట్టరు. పెద్దాయనే ఈ అలవాటు పట్టుబట్టి తెచ్చాడు.

లోపాలు ఇంకా ఉన్నాయి. కమిషన్ కోసం మందు పేరు చెప్పేవాళ్లు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. యాంటీబయాటిక్ వేయమనే మాట ఎవరి నోట వచ్చినా లేచి వచ్చేయండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటివి నిషిద్ధం, అవి కాస్త కనబడినా ఎగుమతి సరుకు వెనక్కొస్తుంది. ఇంకో లోపం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. మా వైపు గుంట లెక్కలు, మేత చూసుకునే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ ఆ బల్ల మీద కూర్చోరు. మా ఆవిడ అడగాల్సింది నా చేత అడిగిస్తుంది. ఆమె గమనించినంత నేను గమనించను, సగం వివరాలు నా దగ్గరే పోతాయి.

అయినా వెళ్లమనే చెబుతాను. ఏడున్నర నుంచి తొమ్మిది లోపల వెళ్లండి, తర్వాత ఎవరి పనికి వాళ్లు పోతారు. జబ్బు అనుమానం ఉంటే రొయ్యని బల్ల దగ్గరికి చేతిలో పట్టుకుని రావొద్దు. మూతి గట్టిగా కట్టిన కవర్లో నేరుగా ల్యాబ్‌లో ఇచ్చి, చేతులు కడుక్కుని, అప్పుడు వచ్చి కూర్చోండి.