మిద్దె మీద దెయ్యాల సినిమాలకని కొన్న ప్రొజెక్టర్: ఆరు శనివారాల తర్వాత రివ్యూ

7,499 రూపాయలు పెట్టి నలుగురం కలిసి కొన్నాం, బావ వాటా ఇంకా రాలా, అది వేరే కథ. కంపెనీ పేరు రాయను, రాసినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఇదే తెల్ల డబ్బాకి ఒక్కోడు ఒక్కో స్టిక్కర్ అంటించి అమ్ముతా ఉండాడు, రిమోట్‌తో సహా అంతా ఒకటే. మీరు ఆ రేటులో ఏది కొన్నా దీని అన్నో తమ్ముడో అయ్యుంటాది.

మా ఇల్లు తిరుపతిలో బైరాగిపట్టెడ వైపు. మిద్దె ఎక్కితే ఘాట్ రోడ్డు లైట్లు దండ గుచ్చినట్టు కనపడతాయి. అమ్మ మొదటి రోజే అనేసింది, కొండ కింద కూర్చోని దెయ్యాల సినిమాలేందిరా, ఏ అన్నమయ్యో వేసుకోవచ్చు కదా అని. ఆమెకి చెప్పేదేందంటే, ఏటా మే నెలలో గంగమ్మ జాతర్లో బండ వేషాలు, తోటి వేషాలు చూస్తా, ఆఖరి రోజు తెల్లారుజామున అమ్మవారి విశ్వరూపం ముందర నిలబడి పెరిగిన పిల్లకాయలం, మమ్మల్ని భయపెట్టడం అంత సులువు కాదు. అందుకే మంచి హారర్ సినిమా ఏదో తేల్చుకోవాలని ఈ శనివారాల పంచాయితీ మొదలైంది.

పంచాయితీలో ఎవరెవరంటే: నేను. మా చెల్లెలు, ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, మలయాళం కొరియా సినిమాలు తప్ప వేరేవి సినిమాలే కాదంటాది. మా బావ, చిత్తూరోడు, తమిళం సగం సొంత భాష, దెయ్యం సినిమాలో కామెడీ లేకపోతే టికెట్ డబ్బులు వేస్ట్ అనే రకం. నాలుగోవాడు మా ఫ్రెండు, పెళ్ళిళ్ళకి మైక్ సెట్ కడతాడు. వీడు లేకపోతే ఈ రివ్యూ ఒక స్టార్ దగ్గరే ఆగిపోయుండేది, ఎందుకో చెప్తా.

ల్యూమెన్స్ అంటే వెలుతురు లెక్క, బాక్స్ మీద 12,000 ల్యూమెన్స్ అని వేసుంటాది. నమ్మొద్దు. చూడాల్సింది ఆన్సి ల్యూమెన్స్, అది కింద చిన్న అక్షరాల్లో ఉంటే ఉంటాది, మా దాంట్లో 200. 4కె సపోర్ట్ అంటే 4కె ఫైల్ ఇస్తే తీసుకుంటాది అని అర్థం, చూపించేది మాత్రం 720పీ నే. ఇవన్నీ క్రికెట్‌కి పెద్ద విషయం కాదు, పచ్చ గ్రౌండు, తెల్ల బంతి, ఏ డబ్బాలో అయినా నడిచిపోతాది. హారర్‌కి అట్ట కాదు. నలుపు అనే రంగుని ఏ ప్రొజెక్టరూ వెయ్యలేదు, లైటు కొట్టడమే దాని పని, నలుపు అంటే అక్కడ లైటు కొట్టకుండా ఉండడం. ఈ చీప్ డబ్బాల్లో లోపలుండే ఎల్‌సీడీ గ్లాసు లైటుని మొత్తం ఆపలేదు, కొంచెం కారతానే ఉంటాది, దాంతో చీకటి ఉండాల్సిన చోట బూడిద కనపడతాది. దెయ్యం సినిమాలో సగం చీకటే కదా.

మొదటి శనివారం విరూపాక్ష వేసినాం. 2023లో థియేటర్లో చూసినప్పుడు ఆ రుద్రవనం ఊరు, అడివి, అజనీష్ లోక్‌నాథ్ మ్యూజిక్ అన్నీ కలిసి ఒళ్ళు జలదరించింది నాకు. మా మిద్దె మీద ఆ అడివి సీన్లు పొగమంచులో తీసినట్టు వచ్చినాయి. వీధి చివర కొత్తగా వేసిన ఎల్‌ఈడీ స్తంభం వెలుతురు ఒకటి. సాయి ధరమ్ తేజ్ యాడ పోతా ఉండాడో తెలీక బావ "రేయ్ వాణ్ణి కాదు, నన్ను కాపాడండి" అన్నాడు. తర్వాతి వారం తుంబాడ్. ఆ సినిమా నిజం వానల్లోనే తీయాలని ఏళ్ళకేళ్ళు వర్షాకాలాల కోసం ఆగి ఆగి తీసినారు, ప్రతి ఫ్రేమూ తడిగా ఉంటాది. మా డబ్బాలో ఆ తడి కనపడలా, ఉతికిన గోనెపట్టాలాగా కనపడింది. కానీ ఒకటి చెప్పాలి, కథ పట్టుకుంది. అత్యాశ కథ కాబట్టి బొమ్మ సరిగా లేకపోయినా నడిచింది, ఆ ఎర్రటి గర్భం సీను మాత్రం బాగానే వచ్చింది, ఎరుపు కాబట్టి.

ఇంక కాంజురింగ్ రాత్రి ఏం జరిగిందో చెప్పాల్సిందే. డబ్బా లోపలుండే స్పీకర్ మన ఫోన్ కంటే హీనం, అందుకని బ్లూటూత్ స్పీకర్ తగిలించినాం. ఆ సినిమాలో సెల్లార్ మెట్ల మీద చీకట్లోంచి రెండు చేతులు వచ్చి చప్పట్లు కొట్టే సీను ఉంది కదా, 2013లో ప్రపంచం మొత్తం కుర్చీల్లోంచి ఎగిరింది దానికే. మాకు ముందు చేతులు వచ్చినాయి, చప్పట్లు కొట్టినాయి, వెళ్ళిపోయినాయి, తర్వాత టప్ టప్ అని శబ్దం వచ్చింది. బ్లూటూత్ లేట్ అంతే మరి. దెయ్యం వచ్చి పోయినాక పక్కింటోళ్ళు చెప్పినట్టు ఉంది. చెల్లెలు నవ్వి నవ్వి బొరుగులు మిద్దంతా పోసింది.

అప్పుడు మైక్ సెట్ ఫ్రెండు లేచినాడు. వాడు ఆ బ్లూటూత్ పీకి పడేసి, నూటాయాభై రూపాయల ఆక్స్ వైరు వేసి, పెళ్ళిళ్ళకి పెట్టే బాక్సుల్లో చిన్నది ఒకటి తెచ్చి మా వెనకాల పెట్టినాడు. ముందర కాదు, వెనకాల. అదే సీను మళ్ళీ వేసినాం. బావ కూర్చున్న చోట నుంచి లేచి నీళ్ళ ట్యాంకు కాడికి పోయి నిలబడినాడు, నీళ్ళు తాగడానికి అన్నాడు, బాటిల్ వాడి చేతిలోనే ఉంది. బొమ్మ అదే బూడిద బొమ్మ, మారింది సౌండ్ ఒక్కటే. కాబట్టి కొనేవాళ్ళు ఎవరైనా సరే, ఇంకో మూడు వేలు పెట్టి ఇంకో మోడల్ ప్రొజెక్టర్ కొనే బదులు ఆ మూడు వేలు వైరున్న స్పీకర్ మీద పెట్టండి.

ఫ్యాన్ సౌండ్ గురించి కూడా. టేబుల్ ఫ్యాను రెండో నంబర్లో పెట్టినట్టు గుర్రుమంటా ఉంటాది. మామూలు సినిమాకి తెలీదు. ఎ క్వైట్ ప్లేస్ వేసినాం, శబ్దం చేస్తే చచ్చిపోయే సినిమా అది, అందరూ ఊపిరి బిగబట్టుకోని ఉంటారు, మా డబ్బా మాత్రం గుర్ర్ర్. ఆ రాకాసులు నిజంగా ఉంటే మొట్టమొదట మా ప్రొజెక్టర్‌నే తినుండేవి. పావు గంటలో ఆపేసినాం.

అరుంధతి మాత్రం ఈ డబ్బాకే తీసినట్టు ఉంది. రంగులు, నగలు, దీపాలు, పెద్ద పెద్ద డ్రమ్ములు, కోడి రామకృష్ణ గారు చీకట్లో ఏమీ దాచలా, అన్నీ వెలుతుర్లోనే పెట్టి భయపెట్టినాడు. ఆ కోట మన బనగానపల్లె కాడిదే, యాగంటి పోయేవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకుంటా ఉంటారు. మైక్ సెట్ బాక్సులో రవిశంకర్ గొంతుతో వదల బొమ్మాళీ అని వచ్చినప్పుడు చూడాల, సోనూసూద్ మొహం సగం, ఆ గొంతు సగం, 2009 నుంచి ఇప్పటిదాకా దాన్ని కొట్టే విలన్ గొంతు నాకైతే కనపడలా. ఆ రోజు గాలి జాస్తిగా ఉంది, స్క్రీన్ అంటే మాది అప్పటికి అమ్మ తెల్ల దుప్పటే, గాలికి ఉబ్బినప్పుడల్లా పశుపతి మా మీదకి వంగి వంగి వస్తా ఉన్నాడు, త్రీడీ ఫ్రీ.

ఆ దుప్పటి గురించే ఇంకో సంగతి. పల్చటి గుడ్డ కాబట్టి సగం లైటు అవతలికి పోతాది, బొమ్మ వెనక వైపు కూడా అంతే కనపడతాది, తిరగేసి. ఎదురు మిద్దె మీద మంచమేసుకోని పడుకునే అవ్వ ఒకామె ఉంది, ఆమె రెండు గంటల పాటు అరుంధతి మొత్తం అద్దంలో చూసినట్టు చూసిందంట. పొద్దున అమ్మతో "ఆ పిల్ల కత్తి ఎడం చేత్తో పట్టిందేందమ్మే" అని అడిగింది. దుప్పటి వద్దు, సున్నం కొట్టిన గోడ ఉంటే అదే మేలు. మేం ఇప్పుడు మెట్ల గది గోడకి వేస్తా ఉండాం, నలుపు కూడా కొంచెం నలుపులాగా ఉంది.

ఇంక సినిమాల గొడవ. బావ వాదన ఏందంటే 2013లో ప్రేమకథా చిత్రమ్ వచ్చినాకనే తెలుగోడు ఇంటిల్లిపాదితో దెయ్యం సినిమాకి పోవడం నేర్చుకున్నాడు అని. సప్తగిరి మన చిత్తూరు జిల్లావాడు అనే అభిమానం కూడా ఉందిలే. నా వాదన దానికి రివర్స్, ఆ సినిమా బానే ఉంది కానీ అది ఆడినాక కొన్నేళ్ళు వచ్చిన ప్రతి దెయ్యమూ జోకులు వేయడం మొదలుపెట్టింది, భయం పోయింది. ఆ గుంపులో ఆనందో బ్రహ్మ ఒక్కటి నేను ఒప్పుకుంటా, మనుషుల్ని చూసి దెయ్యాలు భయపడడం అనే పాయింటుని ఆఖరిదాకా వదల్లేదు కాబట్టి. చంద్రముఖి హారరా కాదా అని ఒక రాత్రి ఒంటిగంట దాకా కొట్టుకున్నాం. దాంట్లో దెయ్యమే లేదు, అంతా జ్యోతిక మనసులో జరిగేది అని చెల్లెలు, 1993లో వచ్చిన మలయాళం మణిచిత్రతాళు నుంచి అది అంతే అని. దెయ్యం లేకపోతే ఏంది, రారా పాటప్పుడు మా నాయన లైటు ఎందుకు వేసినాడు మరి అని బావ. ఈ ఒక్క విషయంలో నేను బావ పక్కే. చూసేవాడు భయపడితే హారర్, డాక్టర్ సర్టిఫికెట్ అక్కర్లా.

మసూద గురించి గొడవే లేదు, నలుగురం ఒక మాట. రెండున్నర గంటల పైన ఉంటాది, మొదట్లో నిదానం, కానీ సంగీత ఆ తల్లి టీచర్‌గా చేసినదానికీ, తిరువీర్ పిరికితనానికీ దణ్ణం పెట్టాల. హీరో భయపడితే మనకి రెండింతలు భయం, ఈ చిన్న విషయం మనోళ్ళకి ఇన్నాళ్ళు ఎందుకు తట్టలేదో.

బావ తమిళం నుంచి తెచ్చిన వాటిల్లో డిమాంటీ కాలనీ మొదటిది, 2015ది, గట్టిగా రికమెండ్ చేస్తా. నలుగురు కుర్రోళ్ళు ఒక గదిలో ఇరుక్కుంటారు, మేమూ నలుగురమే, లెక్క సరిపోయింది.

అసలు పోటీ ఆరో శనివారం జరిగింది. నేను "రాత్రి" అనే సినిమా పెట్టినా, రాంగోపాల్ వర్మ 1992లో తీసింది. చెల్లెలు భూతకాలం పెట్టింది, 2022 మలయాళం. ఇద్దరం మాట్లాడుకోని పెట్టలా, కానీ రెండిట్లోనూ రేవతే. ఒకదాంట్లో దెయ్యం పట్టిన కాలేజీ పిల్ల, ముప్పై ఏళ్ళ తర్వాత ఇంకోదాంట్లో మనసు బాగోలేని తల్లి. వరసగా చూస్తే ఆ పిల్లే పెరిగి పెద్దదై ఇంకో ఇంట్లో ఇరుక్కున్నట్టు ఉంది, మేం నలుగురం కాసేపు ఏం మాట్లాడలా. రాత్రికి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మణిశర్మ, ఇంకా మెలోడీ బ్రహ్మ కాకముందు, పాటలే లేని సినిమాతో మొదలుపెట్టినాడు ఆయన. వర్మ కెమెరా మనిషి వెనకాల పాక్కుంటా పోతాది, ఏమీ చూపించదు, ఇంటి మెట్లు చూపించి భయపెడతాది.

భూతకాలంలో ఇంకా ఘోరం. చాలాసేపు అమ్మా కొడుకుల గొడవలే, ఇంట్లో మందు తాగే కొడుకు, మాట్లాడని తల్లి, సబ్‌టైటిల్స్ చదువుకుంటా కూర్చున్నాం, బావ రెండుసార్లు ఫోన్ తీసినాడు. ఆఖరి ఇరవై నిమిషాలు ఫోన్ జేబులో పెట్టేసినాడు. నేను గమనించింది ఏందంటే ఈ బూడిద బొమ్మ, గుర్రుమనే ఫ్యాను, వీధి లైటు, ఇన్ని ఉన్నా ఆ రెండు సినిమాలూ పని చేసినాయి. పెద్ద థియేటర్లో డాల్బీ అట్మాస్ సౌండ్‌లో ఏ సినిమా అయినా ఎగిరిపడేట్టు చేస్తాది, మా 720పీ గోడ మీద కూడా మెడ మీద చెయ్యి పడినట్టు అనిపించిందంటే అది సినిమా గొప్పతనమే. విరూపాక్ష ఫ్యాన్స్ తిట్టొద్దు, నేనూ ఫ్యానే, దాన్ని థియేటర్లోనే చూడాల, అంతే. ఓటింగ్‌లో భూతకాలానికి మూడు, రాత్రికి ఒకటి, ఆ ఒకటి నాదే, ఇప్పటికీ మార్చుకోను.

కింద నుంచి అమ్మ వచ్చి కాసేపు కూర్చోని, మేం తులసిదళం నవల చదివేటప్పుడు లైటార్పాలంటే భయం, దానికి బొమ్మా లేదు సౌండూ లేదు అనేసి పోయింది. ఏం చెప్తాం.

సరే డబ్బా సంగతి. పగలు వాడాలనుకుంటే వద్దు. ఓటీటీ యాప్‌లు దాంట్లోనే నడుస్తాయని బాక్స్ మీద ఉంటాది, కొన్ని నడిచినాయి, కొన్నిట్లో శబ్దం వస్తాది బొమ్మ రాదు, ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ వైరు వేసుకుంటే గొడవ లేదు. వంకర బొమ్మని సరిచేసే కీస్టోన్ ఆప్షన్ ఉంది గానీ వంకరగా పెట్టి సరిచేస్తే మూలలు మసకబారతాయి, ఎదురుగా సమానంగా పెట్టుకునేదే నయం. రెండు సినిమాలు వరసగా వేస్తే బాగా వేడెక్కుతాది, మధ్యలో పది నిమిషాలు ఆపి టీ తాగండి. డిసెంబర్లో మంచు పడతాది కదా, పన్నెండు దాటితే లెన్స్ మీద తేమ పట్టింది మాకు, మెత్తటి గుడ్డ పక్కన పెట్టుకోండి. డబ్బాకి ఒక్కదానికే అయితే రెండున్నర స్టార్లు, ఆక్స్ వైరు, మైక్ సెట్ బాక్సు కలిపితే నాలుగు. రిటర్న్ చేసే గడువు అయిపోయింది, అయినా ఇప్పుడు ఇచ్చే ఉద్దేశం లేదు.

వచ్చే శనివారం భ్రమయుగం అనుకుంటా ఉండాం, మొత్తం బ్లాక్ అండ్ వైట్ కాబట్టి బూడిద రంగుతో మాకు ఇబ్బంది ఉండదని చెల్లెలి లెక్క. బావ ఒప్పుకోలా, కలర్ లేని సినిమాకి వాటా ఇవ్వను అంటా ఉండాడు. ఎదురు మిద్దె అవ్వ మాత్రం దుప్పటి ఎందుకు తీసేసినారని అమ్మని రోజూ అడుగుతా ఉంది.