వెండి, రాగి-నికెల్, ఉక్కు నూలు: తరంగాలను ఆపే బట్టల్లో ఏది మేలు?

కుషాయిగూడలోని మా చిన్న వర్క్‌షాపులో వైఫై బోర్డులు పరీక్షించడానికి గుడారం కావలసి వచ్చింది. చుట్టుపక్కల రౌటర్ల, టవర్ల సిగ్నళ్లు లోపలికి రాకుండా ఉంటేనే మా బోర్డు ఎంత వెదజల్లుతోందో తెలుస్తుంది. లోహపు గది కట్టించే స్తోమత లేదు. అందుకని విద్యుత్తు ప్రవహించే బట్టలు మూడు రకాలు తెప్పించి, వానాకాలమంతా వాడి చూశాను.

మొదటిది వెండి పూత వేసిన నైలాన్. విద్యుత్తును వెండి కంటే బాగా ప్రసరింపజేసే లోహం లేదు. జానెడు దూరంలో మల్టీమీటరు ముళ్లు ఆనిస్తే నిరోధం ఒక ఓమ్ కూడా చూపలేదు. పట్టులా మెత్తగా జారుతుంది, ఒంటికి హాయిగా ఉంటుంది. అయితే మూసీకి దగ్గరగా ఉండే మా అక్క ఇంట్లో వెండి పట్టీలు ఎంత తోమినా నల్లబడతాయి. అక్కడే ఒక ముక్క వేలాడదీసి వచ్చాను. నెల తిరిగేసరికి అంచులు గోధుమరంగుకు తిరిగాయి. మురుగు నుంచి వచ్చే గంధకపు వాయువు వెండిని వదలదు. చెమట, బ్లీచింగ్ కూడా దానికి శత్రువులే. పైగా మూడింటిలో ఖరీదైనది ఇదే.

రాగి-నికెల్ పూత వేసిన పాలియెస్టర్ చూడటానికి బూడిదరంగు కాగితంలా ఉంటుంది, ముట్టుకుంటే గరగరలాడుతుంది. తరంగాన్ని ఆపే పని ముఖ్యంగా రాగిది. పైనున్న నికెల్ ఆ రాగికి చిలుము పట్టకుండా కాపాడుతుంది. అంత పలుచని పూత ఏం ఆపుతుందని నాకూ అనుమానం ఉండేది. 1 గిగాహెర్ట్జ్ దగ్గర రాగిలోకి తరంగం చొచ్చుకుపోయే లోతు సుమారు 2 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అదీ రాగి తిప్పికొట్టగా మిగిలిన తరంగం. అదే 50 హెర్ట్జ్ కరెంటుకు ఆ లోతు 9 మిల్లీమీటర్లు దాటుతుంది. కనుక వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని ఈ మూడు బట్టల్లో ఏదీ ఆపదు. రాగి-నికెల్‌ను ఉతకకూడదు, ఒకే చోట పదేపదే మడిస్తే పూత చిట్లుతుంది. గిల్టు నగలు పడనివాళ్లలో చాలామందికి పడనిది నికెలే, వాళ్లు దీన్ని ఒంటికి తగలనివ్వకూడదు.

ఉక్కు నూలు కథ వేరు. వెంట్రుక కంటే ఎంతో సన్నని స్టెయిన్‌లెస్ స్టీల్ పోగులను నూలుతోనో పాలియెస్టర్‌తోనో కలిపి వడుకుతారు. ఇందులో పూత లేదు కనుక రాలిపోయేదీ లేదు. నిశ్చింతగా ఉతకవచ్చు. కరెంటు తీగలను సరఫరా ఆపకుండానే బాగుచేసేవాళ్ల దుస్తుల్లో ఇలాంటి నూలు వాడతారు. తరంగాలను ఆపడంలో మాత్రం మూడింటిలో ఇదే వెనుకబడింది. స్టెయిన్‌లెస్ స్టీల్ వాహకత రాగిలో సుమారు నలభయ్యో వంతు, పైగా పోగులు మధ్యమధ్య తెగి ఉంటాయి.

ఆ తేడా సంచిలో పెట్టిన ఫోనులో తెలిసింది. ఉక్కు నూలు సంచిలో పెట్టిన ఫోను డాబా మీద మోగింది, సెల్లార్లో మోగలేదు. డాబా మీద సిగ్నల్ మైనస్ 60 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం). బట్ట 30 డెసిబెళ్లు తగ్గించినా, అంటే శక్తి వెయ్యో వంతుకు పడిపోయినా, మిగిలిన మైనస్ 90 ఫోనుకు చాలు. సెల్లార్లో అసలే మైనస్ 95. కనుక ఫోను మోగలేదని మురిసిపోకండి, ఎక్కడ మోగలేదో చూడండి. రాగి-నికెల్ రెండు పొరల సంచిలో ఫోను రెండు చోట్లా పలకలేదు.

గుడారానికి రాగి-నికెల్ ఖాయం చేశాను. నన్ను విసిగించినవి కుట్లు. బట్ట మీది డెసిబెళ్ల అంకె చదునైన ముక్కను కొలిచి వేసినది. బట్ట తరంగాలను ఎంత ఆపుతుందో కొలిచే ఏఎస్‌టీఎం డీ4935 అనే ప్రామాణిక పరీక్ష అయితే 1.5 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, నా వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. మా వీధి టైలర్ అంచులు మామూలుగా జత చేసి కుట్టిన మొదటి గుడారంలో రౌటర్ సిగ్నల్ దర్జాగా కనిపించింది. సూదిరంధ్రాల వల్ల నష్టం లేదు, 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. కుట్టు వెంట సాగే పొడవైన సందే దోషి. అది ఆరు సెంటీమీటర్లున్నా తరంగానికి చక్కటి దారి.

“మరి అంచు ఎలా మడవాలి సార్?” అని అడిగాడు టైలర్.

“రెండు అంచులను ఒకదానిలో ఒకటి కొక్కేల్లా మడిచి, పైన రెండు వరసలు కుట్టు మాస్టర్. పూత పూతకు ఒత్తుకుని ఉండాలి” అన్నాను. ద్వారం దగ్గర జిప్పు తీసేసి, బట్టను మూడు చుట్లు చుట్టి క్లిప్పులు పెట్టాం. లోపలికి కరెంటు తీగ తీసుకెళ్లడం మానేశాను, ఆ తీగే యాంటెన్నా అవుతుంది. పవర్ బ్యాంకుతో పని జరుగుతోంది.

మా పక్కింటి అమ్మాయి గర్భిణి. తరంగాలు తగలకుండా వెండి నూలు ఆప్రాన్ కొనమంటారా అన్నా, అని అడిగింది. వద్దమ్మా అన్నాను. ముందువైపు మాత్రమే కప్పే బట్ట పైనుంచి, పక్కలనుంచి వచ్చే తరంగాలను ఆపలేదు. ఫోను ఆ బట్ట చాటున పడితే, టవర్‌ను అందుకోవడానికి మరింత శక్తితో ప్రసారం చేస్తుంది. టవర్ల ప్రసార పరిమితిని మన దేశం 2012లోనే అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. ఫోనును పడక దగ్గర కాకుండా బల్ల మీద పెట్టుకుని, స్పీకర్‌లో మాట్లాడమన్నాను. కారు రిమోట్ తాళం సిగ్నల్ బయటికి పోకుండా సంచి కావాలన్న వాళ్ల తమ్ముడికి మాత్రం రాగి-నికెల్ ముక్క కోసి ఇచ్చాను, మూతి మూడు మడతలు వేయమని చెప్పి.