సిలికాన్ గరిటెల జిడ్డుకు ఏది మేలు: వంటసోడానా, మరిగే నీళ్ళా, ఎండా?

కడిగి ఆరబెట్టిన సిలికాన్ గరిటెను పట్టుకుంటే వేళ్ళకు బంకగా తగులుతోందా? మా ఇంట్లో దోసెలకు నూనె రాసే బ్రష్షు అలాగే తయారైంది. సబ్బుతో రెండుసార్లు తోమినా, ఆరగానే మళ్ళీ అదే బంక. సిలికాన్‌కు నీళ్ళు అంటవు కానీ నూనె బాగా పడుతుంది. వేడి మీద వేడి తగిలేసరికి ఆ నూనె గట్టిపడి పలచటి పొర కడుతుంది. మామూలు తోముడుకు అది ఊడి రాదు.

ఇలాంటి జిడ్డుకు వంటసోడానే మేలు. రెండు చెంచాల సోడాలో ఒక చెంచా నీళ్ళు పోసి ముద్దలా కలిపి, పట్టించి అరగంట వదిలేయండి. తర్వాత మెత్తటి స్పాంజితో రుద్ది వేడినీళ్ళతో కడగండి. బ్రష్షయితే ముద్దను కుచ్చుల మొదళ్ళలోకి వేలితో కూరాలి, జిడ్డంతా దాక్కునేది అక్కడే. మా బ్రష్షుకు రెండు విడతలు పట్టింది. స్టీలు పీచు మాత్రం వద్దు. గీతలు పడితే మురికి వాటిలోకి చేరుతుంది.

మరిగే నీళ్ళలో వేయడం సులువే, చేతికి శ్రమ ఉండదు. కానీ పైకి తేలిన నూనె, గరిటె బయటికి తీసేటప్పుడు మళ్ళీ దానికే అంటుకుంటుంది. అందుకే నీళ్ళలో కాస్త డిష్‌వాష్ ద్రవం వేసి, తీయగానే ఇంకోసారి కడగాలి. కొత్త జిడ్డుకు ఇది చాలు, పాత పొరకు చాలదు. కర్ర పిడి ఉన్నవి మరిగించొద్దు.

వాసన సంగతి వేరు. అమెరికాలో ఎలక్ట్రిక్ కుకర్ వాడే మనవాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు: సాంబారు వండిన మర్నాడు పాయసం పెడితే మూతకుండే సిలికాన్ రింగు నుంచి ఇంగువ వాసన. వెనిగర్ కలిపిన నీళ్ళతో ఆవిరి పట్టిస్తే కొంత తగ్గుతుంది. అంతకంటే, రింగును జిడ్డు లేకుండా కడిగి ఓవెన్‌లో 120 డిగ్రీల సెల్సియస్ (250 ఫారెన్‌హీట్) దగ్గర 20 నిమిషాలు ఉంచడం నయం. తయారీదారు చెప్పిన వేడి పరిమితి ముందు చూసుకోండి. నన్నడిగితే రెండు రింగులు పెట్టుకోవడమే హాయి, ఒకటి కారానికి, ఒకటి తీపికి.

ఇక పసుపు మరక. దీనిమీద సోడా రుద్దితే ఎర్రబడుతుంది, కంగారు పడకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే ఇదీనూ. కడిగేసి ఎండలో పెట్టండి. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుతురుకు నిలవదు, రెండు మూడు రోజుల్లో మరక వెలిసిపోతుంది. ఇక్కడ ఎండను మించింది లేదు.

రింగు చిట్లినా, గరిటె అంచు తునిగినా ఇవేవీ పనిచేయవు. వెంటనే మార్చేయండి, ముఖ్యంగా కుకర్ రింగును.