మా గ్యాస్ ఓవెన్: పై మంట బంగారం, ఇగ్నైటర్‌తోనే తలనొప్పి

మా ఇంట్లో ఉన్నది గ్యాస్ రేంజ్. పైన పొయ్యి, కింద ఓవెన్. న్యూజెర్సీలో 2011లో ఈ ఇల్లు కొన్నప్పుడు ఇంటితో పాటే వచ్చింది, ఇప్పటికీ దాని మీదే మా వంట. కొలతలు, బటన్లు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది పై మంట గురించి, అంటే ఓవెన్ కప్పుకు ఉండే బ్రాయిల్ బర్నర్ గురించి. అది ఉండబట్టే ఇన్నాళ్ళూ ఈ ఓవెన్‌ను మార్చాలనిపించలేదు.

అంతకుముందు అపార్ట్‌మెంట్‌లో ఎలక్ట్రిక్ కాయిల్ స్టవ్ ఉండేది. దాని మీద వంకాయ కాల్చడం కుదరదు. తొక్క కాయిల్‌కు అంటుకుని మాడిపోతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఇక ఆ ఓవెన్‌ను, మనవాళ్ళ ఇళ్ళలో చాలాచోట్ల జరిగేదే, బాండీలు, కుక్కర్లు సర్దుకోవడానికి వాడేవాళ్ళం. ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి బ్రాయిల్ వేసి పెద్ద వంకాయ కాల్చినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. తొక్క నల్లబడి, ఎక్కడికక్కడ చిట్లి, తోకపట్టి ఎత్తితే గుజ్జంతా జారిపోయేంత మెత్తగా ఉడికింది. పొయ్యి మీద కాల్చినట్టు రసం కారి బర్నర్లు పాడవడం లేదు, అంతా ట్రేలోనే ఉండిపోయింది.

పద్ధతి తేలికే. వంకాయకు నాలుగువైపులా ఫోర్కుతో గుచ్చాలి, లేకపోతే లోపల ఆవిరి చేరి పేలుతుంది. పైన కొంచెం నూనె రాసి, మంటకు ఐదారు అంగుళాల దూరంలో ఉండేలా ర్యాక్ పెట్టుకుని, మధ్యమధ్యలో పటకారుతో తిప్పుతూ ఉండాలి. సగం కాలాక అదే ట్రేలో టమాటాలు, పచ్చిమిర్చి, పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలు పడేస్తాను. పచ్చిమిర్చి మీద తెల్లటి బొబ్బలు లేచి, అవి గోధుమరంగుకు తిరిగేలోపు తీసేయాలి. ఆ తర్వాత రోట్లో కచ్చాపచ్చాగా నూరి, చింతపండు, ఉప్పు వేసి, చివర్లో పచ్చి ఉల్లిపాయ ముక్కలు కలిపి పోపు పెడితే, అన్నంలోకి ఇంకేమీ అక్కర్లేదు. మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు తిని, "బొగ్గుల మీద కాల్చిన వాసన రాలేదమ్మా, కానీ ఈ దేశంలో తిన్నవాటిలో ఇదే బాగుంది" అన్నారు. ఆవిడ అన్నది నిజం. గ్యాస్ మంటకు బొగ్గుల పొగ వాసన రాదు.

మొక్కజొన్న పొత్తులు, అప్పడాలు, కారం పట్టించిన చేప ముక్కలు, అన్నీ పై మంట కిందే. అప్పడానికి క్షణాలు చాలు. కళ్ళార్పకుండా చూస్తూ ఉండాలి, ఫోన్ మోగిందని పక్కకు వెళితే బొగ్గే. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పై మంట కింద గాజు గిన్నెలు పెట్టకూడదు, ఆ వేడికి పగిలిపోతాయి. బేకింగ్ పేపరూ వద్దు, అంటుకుంటుంది.

ఇక అసలు బాధకు వస్తాను. రెండేళ్ళ క్రితం డిసెంబరులో, ఇంటికి భోజనానికి నాలుగు కుటుంబాలు వస్తున్న రోజు. రెండు కోళ్ళు ముందురోజు రాత్రే పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం ఓవెన్‌ను 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పెట్టి వేరే పనిలో పడ్డాను. అరగంట తర్వాత తలుపు తీస్తే లోపల గోరువెచ్చగా కూడా లేదు. కింది పలక చిల్లుల్లోంచి ఎర్రటి వెలుగు కనిపిస్తోంది. అంటే ఇగ్నైటర్, గ్యాస్‌ను అంటించడానికి ఎర్రగా కాలే కడ్డీ, వెలుగుతోంది, మంట మాత్రం రావట్లేదు. ఆపి, మళ్ళీ పెట్టి చూశాను. ఈసారి చాలాసేపటికి కొంచెం గ్యాస్ వాసన, ఆ వెంటనే భుగ్గుమని మంట. గుండె ఝల్లుమంది. వెంటనే ఆపేసి, కిటికీలు తీసేశాను.

ఆ పూట మమ్మల్ని కాపాడింది పై మంటే. మా ఓవెన్‌లో కింద బర్నర్‌కు ఒక ఇగ్నైటర్, పైన బర్నర్‌కు ఇంకొకటి. వంటగదిలో వాసన పూర్తిగా పోయాక పైది వెలిగిస్తే ఎప్పటిలాగే టక్కున అంటుకుంది. కోళ్ళను ముక్కలు కొట్టి, రెండు ట్రేలలో పరిచి, వంతులవారీగా పై మంట కింద పెట్టాం. అంచులు కొద్దిగా మాడి, లోపల రసంతో, మేము ఎప్పుడూ చేసే రోస్ట్ కంటే బాగా వచ్చింది. వచ్చినవాళ్ళు రెసిపీ అడిగారు. అయితే అందరి రేంజ్‌లకూ ఈ సౌకర్యం ఉండదు. ఓవెన్ కింద సొరుగులో బ్రాయిలర్ ఉండే మోడళ్ళలో రెండింటికీ ఒకటే బర్నర్, అది మొరాయిస్తే రెండూ పోయినట్టే.

మరుసటివారం రిపేరుకు ఒకతన్ని పిలిచాం. వచ్చాడు, తలుపు తీసి చూశాడు, "ఇగ్నైటర్ ఎర్రగా వెలుగుతోంది కాబట్టి అది బాగానే ఉంది, కంట్రోల్ బోర్డు పోయింది" అన్నాడు. బోర్డుకు చెప్పిన ధర దాదాపు కొత్త రేంజ్‌లో సగం. మీటరు పెట్టి కొలవనే లేదు. చూసివెళ్ళినందుకు తీసుకున్న ఫీజు వేరే. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

మా తమ్ముడు ఎలక్ట్రికల్ పని తెలిసినవాడు. వీడియో కాల్‌లో చూపిస్తే నవ్వి, "బోర్డు కరెంటు పంపిస్తోంది కాబట్టే కదక్కా అది వెలుగుతోంది? వెలిగితే చాలదు, ఎంత కరెంటు లాగుతోందో చూడాలి" అన్నాడు. ఆదివారం క్లాంప్ మీటరు, అంటే తీగకు బయటినుంచే తగిలించి కరెంటు కొలిచేది, తెచ్చి, ఇగ్నైటర్ తీగ ఒకదానికి తగిలించి చూశాడు. 2.7 ఆంపియర్లు. మాలాంటి బల్లపరుపు రకం ఇగ్నైటర్ 3.2 నుంచి 3.6 దాకా లాగాలి. గుట్టంతా అక్కడే ఉంది.

ఇగ్నైటర్, గ్యాస్ వాల్వు ఒకే తీగ మీద ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. ఇగ్నైటర్ గుండా పోయే కరెంటే వాల్వులోని లోహపు పట్టీని వేడిచేసి వంచుతుంది, అప్పుడే గ్యాస్ వదులుతుంది. అంటించేంత వేడి రాకుండా గ్యాస్ బయటికి రాకూడదని పెట్టిన ఏర్పాటు ఇది. కానీ ఇగ్నైటర్ సిలికాన్ కార్బైడ్‌తో చేసింది. ఏళ్ళు గడిచేకొద్దీ దాని నిరోధం పెరిగి, లాగే కరెంటు తగ్గుతుంది. కంటికి ఎర్రగానే కనిపిస్తుంది, వాల్వు మాత్రం తెరుచుకోదు, లేదా అరకొరగా తెరుచుకుంటుంది. బటన్ నొక్కాక మంట రావడానికి నిమిషం దాటి, 90 సెకన్లు కూడా దాటుతుంటే ఇగ్నైటర్ ముసలిదైందని అర్థం. అది తెలిస్తే పండగ ముందురోజు టెన్షన్ పడక్కర్లేదు.

కొత్త ఇగ్నైటర్ 50 డాలర్ల లోపే దొరికింది. రేంజ్ ప్లగ్గు తీసేసి, గ్యాస్ కట్టేసి, ఓవెన్ అడుగు పలక ఎత్తితే కనిపిస్తుంది. రెండే స్క్రూలు, కానీ తుప్పుపట్టి ఉన్నాయి కాబట్టి ఓపిక కావాలి. ఆ కడ్డీ పెళుసు, చేత్తో తాకకూడదు. తీగలు కలిపే టోపీలు సిరామిక్‌వి మాత్రమే వాడాలి, ప్లాస్టిక్‌వి కరిగిపోతాయి. ఇదంతా మా తమ్ముడు చేశాడు, నేను టార్చ్ పట్టుకున్నాను. గ్యాస్ పని తెలియనివాళ్ళు మాత్రం మనిషిని పిలిపించుకోవడమే మంచిది, కాకపోతే మీటరు పెట్టి కొలిచేవాడిని పిలవండి.

బేకింగ్ బాగుంటుందని ఇదివరకు చాలామందికి చెప్పాను. ఇప్పుడూ కాదనను, కానీ కొంచెం వివరంగా చెప్పాలి. గ్యాస్ మండితే బొగ్గుపులుసు వాయువుతో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఓవెన్‌లో గాలి తేమగా ఉంటుంది. కోడి రోస్ట్‌కు ఇది వరం, మాంసం ఎండిపోదు. అరటిపండు కేకు కూడా మెత్తగా వస్తుంది. బిస్కెట్లకు మాత్రం ఆ కరకర రాదు, చల్లారాక మళ్ళీ తక్కువ సెగ మీద ఆరబెట్టాల్సి వస్తోంది. బ్రెడ్డు పైభాగం పాలిపోయి ఉంటుంది, చివరి రెండు నిమిషాలు పై మంట చూపిస్తాను. సెగ అన్నివైపులా ఒకేలా తగలదు కాబట్టి ట్రేను సగంలో తిప్పకపోతే వెనకవైపు ముందు రంగు తిరుగుతుంది.

వేడి కూడా నిలకడగా ఉండదు. బర్నర్ వెలుగుతుంది, ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది. లోపల ఒక చిన్న థర్మామీటరు వేలాడదీసి చూస్తే, 350 పెట్టినప్పుడు మాది సగటున 25 డిగ్రీలు తక్కువ చూపించింది. బటన్లతోనే ఆ తేడా సరిచేసుకునే వీలుంది. అడుగు ర్యాక్ మీద పిజ్జా రాయి పెట్టాక ఎగుడుదిగుడు చాలా తగ్గింది. అడుగు పలక మీద అల్యూమినియం ఫాయిల్ మాత్రం పరవకూడదు. చిల్లులు మూసుకుపోతే మంటకు గాలి అందక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తయారవుతుంది.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పై మంట వేసినప్పుడల్లా పొగ వస్తుంది, అలారం మోగుతుంది. పొయ్యి పైన పొగ పీల్చే మా హుడ్ గాలిని బయటికి పంపదు, వడపోసి లోపలికే వదులుతుంది. కాబట్టి గడ్డకట్టే చలిలోనూ కిటికీ తీయాల్సిందే. న్యూజెర్సీలో ఇల్లు అమ్మాలంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందని సర్టిఫికెట్ తప్పనిసరి. గ్యాస్ ఓవెన్ ఉన్న ఏ ఇంటికైనా అది ఉండి తీరాలి. మా పిల్లవాడికి కొంచెం ఉబ్బసం ఉంది, వాడు ఇంట్లో ఉంటే బ్రాయిల్ పెట్టను.

కరెంటు పోతే గ్యాస్ ఓవెన్ పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. 2012 అక్టోబరులో శాండీ తుఫానుకు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. పై పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి అన్నం, పప్పు వండుకున్నాం. ఓవెన్ కదల్లేదు, ఇగ్నైటర్‌కు కరెంటు కావాలి మరి. చలికి ఇల్లు వెచ్చబడుతుందని గ్యాస్ వెలిగించి వదిలేయడం మాత్రం ఎంత చలిలోనూ చేయకూడదు.

ఇక చలికాలంలో దోసెల పిండి పులవాలన్నా, పెరుగు తోడుకోవాలన్నా, ఓవెన్‌లో లైటు ఒక్కటి వేసి రాత్రంతా ఉంచితే సరిపోతుంది. పాత రకం బల్బు ఉంటేనే ఆ వెచ్చదనం వస్తుంది.

కొనమంటారా అంటే, మీ వంటను బట్టి. మా ఇంట్లో గ్యాస్ లైను ముందే ఉంది, వారానికి రెండుసార్లైనా ఏదో ఒకటి కాల్చుకుంటాం, కేకులు పుట్టినరోజులకే. అలాంటివాళ్ళకు ఇది చాలు. బిస్కెట్లు, బ్రెడ్డు మీద ఎక్కువ ఇష్టం ఉన్నవాళ్ళు ఎలక్ట్రిక్ ఓవెన్ చూడటమే మేలు. పైన గ్యాస్ పొయ్యి, కింద ఎలక్ట్రిక్ ఓవెన్ ఉండే రేంజ్‌లూ ఉన్నాయి గానీ, వాటికి సాధారణంగా 240 వోల్టుల లైను కావాలి. మా వంటగదిలో అది లేదు, వేయించాలంటే ఖర్చు. అందుకని మేము దీన్నే ఉంచుకుంటున్నాం. పై బర్నర్ ఇగ్నైటర్ కూడా అంతే వయసుది కాబట్టి, దానికి కూడా ఒకటి ముందే తెప్పించి పెట్టాం.