రేడియో రొద మూలాన్ని వెతకడంలో టైనీఎస్‌ఏ అల్ట్రా: ఏడాదిన్నర వాడకం తర్వాత

మా ఇల్లు విజయవాడలో ఇరుకైన ఒక వీధిలో ఉంది. మేడ మీద కట్టిన తీగ ఏరియల్‌తో హామ్ రేడియో (లైసెన్సుతో నడిపే ఔత్సాహిక రేడియో) 7 మెగాహెర్ట్జ్ బ్యాండులో మాట్లాడటం నాకు చాలా ఏళ్ల అలవాటు. రెండేళ్ల క్రితం సాయంత్రం ఆరున్నర దాటగానే ఆ బ్యాండు మొత్తాన్ని ఒక గరగర శబ్దం కప్పేయడం మొదలైంది. రిసీవరులో సంకేత బలాన్ని చూపే మీటరు మీద మామూలుగా ఎస్‌3 దగ్గర ఉండే సూచిక ఎస్‌8 దగ్గర నిలబడిపోయేది. ఒక్కో ఎస్ మెట్టుకు 6 డెసిబెల్లు కనుక తేడా 30 డెసిబెల్లు, అంటే నా రిసీవరులోకి వస్తున్న రొద శక్తి వెయ్యి రెట్లు పెరిగిందన్నమాట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకి సెల్‌ఫోన్లు మూగబోయినప్పుడు సమాచారం చేరవేయడంలో హామ్‌లూ పాలుపంచుకున్నారు. అటువంటి రోజున బలహీనమైన స్వరాన్ని వినలేని స్టేషను ఉండి ప్రయోజనం లేదు. ఆ రొద ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవడానికే టైనీఎస్‌ఏ అల్ట్రాను కొన్నాను.

ఇది అరచేతిలో పట్టే స్పెక్ట్రమ్ ఎనలైజర్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సంకేతం ఉందో తెర మీద గీతగా చూపే పరికరం. నెదర్లాండ్స్‌కు చెందిన ఎరిక్ కాషూక్ రూపొందించిన మొదటి టైనీఎస్‌ఏ 2020లో వచ్చింది. దాని తర్వాత వచ్చిన అల్ట్రాకు నాలుగు అంగుళాల తెర ఉంది. మామూలు పద్ధతిలో 100 కిలోహెర్ట్జ్ నుంచి 800 మెగాహెర్ట్జ్ వరకు, అల్ట్రా పద్ధతిని తెరిస్తే అంతకు చాలా పైన గిగాహెర్ట్జ్‌ల దాకా చూపిస్తుంది. లోపలే సుమారు 20 డెసిబెల్ల యాంప్లిఫయరు, వచ్చే సంకేతాన్ని 31 డెసిబెల్ల వరకు తగ్గించగల అటెన్యువేటరు, రీచార్జి చేసుకునే బ్యాటరీ, తెర బొమ్మలను దాచుకోవడానికి మెమరీ కార్డు అర ఉన్నాయి. పెట్టెలో ఇచ్చే టెలిస్కోపిక్ ఏరియల్ ఈ పనికి దాదాపు నిరుపయోగం, ఎందుకంటే అది దిక్కును చెప్పలేదు.

పరికరం చేతికి రాగానే వీధిలోకి పరుగెత్తకుండా ముందు సొంత ఇంటినే అనుమానించాలి. బ్యాటరీతో నడిచే రేడియోను 7 మెగాహెర్ట్జ్‌లో ఉంచి మెయిన్ స్విచ్ ఆపేస్తే, రొద తగ్గిందో లేదో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. మా ఇంట్లో తగ్గింది, కానీ కొద్దిగానే. నీళ్ల ఫిల్టరుకు పెట్టిన అడాప్టరు ఒకటి తనవంతు రొద కలుపుతున్నట్టు తేలింది. దాన్ని మార్చిన తర్వాత మిగిలినదంతా బయటిదని నిశ్చయమైంది.

అల్ట్రా నిజమైన విలువ నాకు అర్థమైంది రొద జాతిని గుర్తించే దగ్గర. చెవికి అన్ని రొదలూ ఒకేలా గరగరలాడతాయి, తెర మీద మాత్రం వాటి రూపాలు వేరు. కరెంటును అతివేగంగా వేస్తూ ఆపుతూ ఉండే స్విచింగ్ పద్ధతిలో పనిచేసే ఎల్‌ఈడీ డ్రైవర్లు (దీపానికి తగిన కరెంటు ఇచ్చే చిన్న సర్క్యూట్లు), చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు తమ స్విచింగ్ వేగానికి గుణిజాలుగా గుట్టలు గుట్టలుగా రొదను వెదజల్లుతాయి. 6 నుంచి 8 మెగాహెర్ట్జ్ వరకు తెర మీద పరిచి చూస్తే మా సాయంత్రపు రొద సరిగ్గా ఇలాగే, ప్రతి 68 కిలోహెర్ట్జ్‌కు ఒక గుట్ట చొప్పున కనిపించింది. వాటర్‌ఫాల్ (కాలంతో పాటు రొద ఎలా మారుతుందో వరుసలుగా చూపే పద్ధతి) పెట్టి అరగంట గమనిస్తే ఆ గుట్టలన్నీ కలిసి నెమ్మదిగా ఒక పక్కకు జరుగుతున్నాయి. దీపం వెలిగించాక డ్రైవరు వేడెక్కే కొద్దీ దాని వేగం మారడం వల్ల ఇలా జరుగుతుంది. దీంతో నేను వెతకవలసింది సాయంత్రం వెలిగించే ఎల్‌ఈడీ దీపాన్ని అని వీధిలో అడుగు పెట్టకముందే తెలిసింది.

దిక్కు కోసం పాత ట్రాన్సిస్టరు రేడియోలో స్టేషన్లు మార్చే గ్యాంగ్ కండెన్సరును, ముప్పై సెంటీమీటర్ల చట్రానికి చుట్టిన తీగను కలిపి ఒక లూప్ ఏరియల్ చేసుకున్నాను. కొత్తవాళ్లు లూప్‌తో రొద ఎక్కడ ఎక్కువగా వినిపిస్తుందో వెతుకుతారు. ఆ గరిష్ఠం చాలా వెడల్పుగా ఉండటం వల్ల దానితో దిక్కు తేలదు. చట్రం ముఖం మూలం వైపు నేరుగా తిరిగినప్పుడు రొద హఠాత్తుగా పడిపోయే బిందువు ఒకటి ఉంటుంది. అది చాలా సన్నగా ఉంటుంది కాబట్టి దాన్నే పట్టుకోవాలి. అయితే ఆ బిందువు మూలం ముందుందా వెనకుందా చెప్పదు కనుక, రెండు మూడు చోట్ల నిలబడి గీతలు గీసి, అవి కలిసే చోటును పటం మీద గుర్తించాలి.

నా గీతలు కలిసింది మా వీధి చివర విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు ఉండే మేడ దగ్గర. నా చేతిలోని చట్రాన్ని చూసి ఆయన, "మీ రేడియోకి మా దీపాలతో ఏం పని బాబూ?" అని అడిగారు. "మాస్టారూ, ఒక్కసారి బాల్కనీ దీపాలు ఆపి మళ్లీ వేస్తారా?" అని అడిగితే కాదనకుండా వేశారు. దీపం ఆగగానే తెర మీది గుట్టలు మాయమయ్యాయి, వెలిగించగానే తిరిగి వచ్చాయి. ఆ దృశ్యాన్ని ఆయన కూడా చూడటం మేలైంది, ఎందుకంటే కంటితో చూసిన వారికి వాదించి ఒప్పించవలసిన అవసరం ఉండదు. డ్రైవరుకు వెళ్లే రెండు తీగలనూ కలిపి 31వ రకం ఫెర్రైట్ (రొదను అడ్డగించే అయస్కాంత పదార్థం) వలయం చుట్టూ ఏడు చుట్లు వేశాం. చుట్లు రెట్టింపైతే అడ్డగించే శక్తి సుమారు నాలుగు రెట్లవుతుంది, అందువల్ల ఒక్క చుట్టుతో సరిపెట్టిన ఫెర్రైట్ క్లిప్పు అంతగా పనిచేయదు. రొద ఎస్‌4కు దిగింది. తర్వాత ఆయన డ్రైవరునే మార్పించడంతో పూర్తిగా పోయింది.

రెండో వేట ఇంతకంటే కష్టమైనది. రోహిణి కార్తె ఎండల్లో పగలంతా ఒక కొత్త రొద మొదలై, మృగశిర తొలి వానకు ఆగిపోయి, మళ్లీ పొడి వాతావరణం రాగానే తిరిగి వచ్చింది. తడికి తగ్గి పొడికి పెరగడం విద్యుత్ లైన్ల మీది చిన్న సందుల్లో నిప్పురవ్వలు రేగడానికి సాధారణ గుర్తు. ఇక్కడ అల్ట్రాలోని జీరో స్పాన్ పద్ధతి ఎంతగా అక్కరకు వచ్చిందో చెప్పాలి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నిలిపి, బ్యాండ్‌విడ్త్‌ను (ఒకేసారి కొలిచే ఫ్రీక్వెన్సీల పరిధిని) వెడల్పుగా పెట్టి, తెర అడ్డు పొడవు 50 మిల్లీసెకన్లకు సరిపోయేలా అమరిస్తే, రొద కాలంతో పాటు ఎలా కొట్టుకుంటుందో కనిపిస్తుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, దాని వోల్టేజి సెకనుకు 100 సార్లు శిఖరాన్ని తాకుతుంది. నిప్పురవ్వ ఆ శిఖరాల దగ్గరే రేగుతుంది కాబట్టి, సరిగ్గా 10 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున ఐదు పోట్లు వరుసగా కనిపించాయి. దీంతో ఇది స్తంభం మీది రవ్వేనని నమ్మకం బలపడింది.

అయినా 7 మెగాహెర్ట్జ్‌లో ఆ స్తంభాన్ని వెతకబోయి రెండు రోజులు వృథా చేసుకున్నాను. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో రొద 11 కేవీ తీగల వెంట కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. తీగ పొడవునా ఒకచోట పెరిగి మరోచోట తగ్గుతూ, మూలం లేని స్తంభాల దగ్గర కూడా మూలం ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. అందుకని దగ్గరికి వెళ్లే కొద్దీ ఫ్రీక్వెన్సీని పెంచుకుంటూ పోవాలి. 7లో వినిపించే చోట 28కి, అక్కడా వినిపిస్తే 50కి, ఆ తర్వాత 145కి, చివరకు 400 మెగాహెర్ట్జ్‌కు వెళ్లాలి. పై ఫ్రీక్వెన్సీలు దూరం పోలేవు కనుక, 400లో కూడా రొద బలంగా కనిపిస్తే మూలం కొద్ది స్తంభాల లోపలే ఉందని అర్థం. 145 మెగాహెర్ట్జ్ దగ్గర నేను వాడింది పీవీసీ గొట్టం మీద స్టీలు టేపు ముక్కలు బిగించి చేసిన మూడు కడ్డీల యాగీ, అంటే ఒక దిక్కు నుంచి వచ్చే సంకేతాన్నే ఎక్కువగా పట్టే ఏరియల్. రెండు వందల రూపాయల సామానుతో ఇంట్లో చేసుకోగల ఆ యాగీ చూపించిన దిక్కే నన్ను ఒక మూలమలుపు స్తంభం దగ్గరికి చేర్చింది. దాని మీద ఇన్సులేటరుకు తీగను కట్టిన బైండింగ్ వదులై ఉంది. ఆ స్తంభాన్ని తాకకుండా, కొట్టి ఊపి చూడకుండా, దాని నంబరును మాత్రం రాసుకుని విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేశాను. స్తంభాన్ని సుత్తితో కొట్టి రొద మారుతుందేమో చూడమని కొందరు సలహా ఇస్తారు, కానీ అది ప్రాణాంతకం. సరైన స్తంభం నంబరు చెప్పగలిగినందువల్లే లైన్‌మన్ నేరుగా అక్కడికే వచ్చి బిగించారు.

ఇక పరిమితులు. మొదటిది, ఇన్‌పుట్ వద్ద బ్యాండును వేరుచేసే సన్నటి వడపోత లేకపోవడం. నగరంలో ఎఫ్‌ఎం, మీడియం వేవ్ స్టేషన్ల బలం ఎక్కువగా ఉన్నచోట లోపలి యాంప్లిఫయరును ఆన్ చేస్తే, వాస్తవంలో లేని సంకేతాలు తెర మీద పుట్టుకొస్తాయి. దీన్ని పసిగట్టడానికి ఒక మంచి మార్గం ఉంది. అటెన్యువేషన్‌ను 10 డెసిబెల్లు పెంచి చూడాలి. పరికరం ఆ తగ్గింపును లెక్కలో కలుపుకునే చూపిస్తుంది కనుక, నిజమైన సంకేతం ఎత్తు మారకూడదు. మారిందంటే అది పరికరం లోపల పుట్టినదే. రెండోది, రొద ఎత్తు ఎంచుకున్న బ్యాండ్‌విడ్త్ మీద ఆధారపడుతుంది. బ్యాండ్‌విడ్త్ పదిరెట్లయితే మామూలు రొద పది డెసిబెల్లు పెరిగినట్టు కనిపిస్తుంది. వెడల్పును ఆటోలో వదిలి, ఒకచోట తీసుకున్న అంకెను మరోచోటి అంకెతో పోల్చితే తప్పుదారి పడతాం. ఒకసారి స్థిరంగా పెట్టి వేట ముగిసేవరకు మార్చకూడదు. తెర ఎండలో మసకబారుతుంది. ఇది చిన్న విషయంగా కనిపించినా, మన ఎండల్లో స్తంభాల వెంట తిరిగేవారికి నిజమైన ఇబ్బంది. నేను అట్టతో ఒక గొడుగు చేసి తగిలించుకున్నాను. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటూ నడిస్తే తెర వైపు ఎక్కువగా చూడవలసిన అవసరం కూడా తగ్గుతుంది.

ఇంతకంటే పెద్ద పరికరాలు లేవా అంటే ఉన్నాయి. రోడ్ అండ్ ష్వార్జ్ వారి పీఆర్200 వంటి చేతిలో పట్టే మానిటరింగ్ రిసీవర్లు 8 కిలోహెర్ట్జ్ నుంచి 8 గిగాహెర్ట్జ్ వరకు దిశా యాంటెన్నాలతో పనిచేస్తాయి. అవి వృత్తిగా ఈ పని చేసే సంస్థలకు తగినవి, ధర కూడా లక్షల్లో ఉంటుంది. ఐదు ఏరియల్‌లతో దానంతట అదే దిక్కు చూపే క్రాకెన్ ఎస్‌డీఆర్ 24 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఎడతెగకుండా ప్రసారమయ్యే ఒక ట్రాన్స్‌మీటరును పట్టుకోవడానికి అది గొప్పది, 7 మెగాహెర్ట్జ్ మీద విస్తరించిన రొదకు మాత్రం సరిపోదు. అల్ట్రా నాకు ఇరవై వేల రూపాయలలోపే దొరికింది. రొద జాతిని చెప్పడంలో అది చేసిన పనికి ఈ ధర తక్కువే. దిక్కును మాత్రం అది చెప్పదు, ఆ పని మీ లూప్‌కూ, యాగీకీ, కాళ్లకూ మిగులుతుంది.

కొనేవారు నకిలీల విషయంలో తప్పక జాగ్రత్త పడాలి. మార్కెట్లో అదే ఆకారంలో నాసిరకం నకళ్లు తిరుగుతున్నాయి. నాకు తెలిసిన ఒకరికి ఒక విక్రేత అటువంటిదే అంటగట్టాడు. రాగానే క్యాల్ అని ఉన్న సాకెట్‌ను, ఆర్‌ఎఫ్ సాకెట్‌ను పెట్టెలోని చిన్న కేబుల్‌తో కలిపి సెల్ఫ్ టెస్ట్ నడపండి. అన్ని దశలూ పాసైతేనే ఉంచుకోండి, ఏ ఒక్కటి తప్పినా వాపసు గడువు ముగియకముందే తిప్పి పంపండి. ట్రాన్స్‌మీటరు అవుట్‌పుట్‌ను మాత్రం ఎన్నడూ దీనికి నేరుగా కలపవద్దు, ఆ శక్తికి దీని ఇన్‌పుట్ కాలిపోతుంది.