చిన్నవాళ్ల లెక్క తప్పితే పెద్దవాళ్ల గ్రాఫ్ తప్పుతుంది: మా హోమ్‌స్కూల్ గ్రూపు గురించి

"అన్ని వయసుల పిల్లలూ కలిసి నేర్చుకుంటారు" అని, పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించేవాళ్ల హోమ్‌స్కూల్ గ్రూపులన్నీ చెప్పుకుంటాయి. తీరా వెళ్లి చూస్తే పెద్దవాళ్లు ప్రయోగం చేస్తుంటారు, చిన్నవాళ్లు ఆ ప్రయోగం బొమ్మకి రంగులేస్తుంటారు. మా ఇద్దరు పిల్లలు వెళ్తున్న హైదరాబాద్ గ్రూపుని ఇంతకాలం మానకుండా ఉండటానికి కారణం ఒక్కటే. అక్కడ చిన్నవాళ్లు తమ పని చెయ్యకపోతే పెద్దవాళ్ల చేతిలో అంకెలే ఉండవు. ఫీజు, హాలు, వేళలు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే కాబట్టి వాటి జోలికి పోను.

పద్ధతి ఇది. ఒకే వస్తువు, మూడు పనులు. 5-7 ఏళ్లవాళ్లు లెక్కపెడతారు, 8-10 వాళ్లు కొలిచి పట్టిక రాస్తారు, 11-13 వాళ్లు ఆ పట్టికనే తీసుకుని గ్రాఫ్ గీస్తారు. వాళ్లకి వేరే అంకెలు ఇవ్వరు. ఈ ఒక్క నియమం దగ్గరే కార్యక్రమం అంతా నిలబడింది.

లోలకం (దారానికి వేలాడుతూ ఊగే బరువు) పాఠం చూస్తే దీని బలమూ బలహీనతా రెండూ తెలుస్తాయి. సాగని నూలుదారం, ఒక బరువైన ఇనుప నట్టు, టేపు, ఫోన్లో స్టాప్‌వాచ్, అంతే సామాను. దారాన్ని పైన రెండు చెక్కముక్కల మధ్య బిగించాలి. మేకుకి ఉచ్చు వేసి వదిలేస్తే ముడి జారుతూ పొడవు మారిపోతుంది. పొడవులు 25, 50, 75, 100 సెంటీమీటర్లు. చిన్నవాళ్లు పది ఊపులు లెక్కపెట్టాలి, పోయి వస్తేనే ఒక ఊపు. మధ్యవాళ్లు ఆ పదికి పట్టిన సమయం చూసి పదితో భాగించాలి. పెద్దవాళ్లు ఒక ఊపు సమయాన్ని వర్గం చేసి, పొడవుతో గ్రాఫ్ గీసి, ఆ గీత వాలు నుంచి గురుత్వ త్వరణం (కింద పడే వస్తువు వేగం సెకను సెకనుకీ ఎంత పెరుగుతుందో) కట్టాలి. వాలు తగ్గితే జవాబు పెరుగుతుంది. రావాల్సింది 9.8.

వచ్చింది 12.1. గ్రాఫ్ మాత్రం గీత గీసినట్టు తిన్నగా, సున్నా గుండా పోతోంది. చిక్కంతా అక్కడే. గ్రాఫ్ వంకరగా ఉంటే ఎవరైనా అనుమానిస్తారు, తిన్నగా ఉన్నదాన్ని ఎవరు అనుమానిస్తారు? నడిపిస్తున్న తల్లిదండ్రులు వరసగా పొడవు మళ్లీ కొలిపించారు, దారం మార్పించారు, నట్టుని తక్కువ దూరం లాగి వదలమన్నారు. ఇవేవీ కారణం కావని సున్నా గుండా పోయే ఆ గీతా, ఆ 12.1 అంకే చెబుతున్నాయి. నట్టు మధ్య దాకా కాకుండా ముడి దాకా కొలిస్తే ప్రతి పొడవులోనూ ఒకే తేడా వస్తుంది కాబట్టి గీత సున్నా గుండా పోదు. మరీ పక్కకి లాగి వదిలితే ఊపు సమయం పెరుగుతుంది, అప్పుడు జవాబు 9.8 కన్నా తగ్గాలి గానీ పెరగకూడదు.

అసలు తప్పు లెక్కలో ఉంది. నట్టు వదిలిన క్షణానే పిల్లలు "ఒకటి" అన్నారు. "పది" అనేసరికి నిజంగా అయినవి తొమ్మిది ఊపులే. మీటరు దారానికి 20 సెకన్లు పట్టాల్సింది 18 అయింది, 25 సెంటీమీటర్లకి 10 సెకన్లు కావాల్సింది 9 అయింది. ప్రతి పొడవుకీ అదే నిష్పత్తిలో తగ్గింది కాబట్టి గీత చెక్కుచెదరలేదు, వాలు మాత్రం 100కి 81 చొప్పున తగ్గింది. 9.8ని 0.81తో భాగించి చూడండి, 12.1 వస్తుంది. పోవడం ఒకటి, రావడం ఒకటి అని లెక్కపెట్టి ఉంటే జవాబు 39 దాకా పోయేది, ఎవరైనా పట్టుకునేవాళ్లు. పక్కన కూర్చుని చేతివేళ్లతో తనూ లెక్కపెట్టిన 12 ఏళ్ల పిల్లకి తప్పు దొరికింది. మర్నాడు కాదు, ఆ పూటే మందు కూడా దొరికింది: వదిలేటప్పుడు గట్టిగా "సున్నా" అనాలి. ఆరేళ్లవాళ్లకి సున్నా ఎందుకో ఏ వర్క్‌షీటూ ఇంత బాగా చెప్పలేదు. అప్పట్నుంచీ పెద్దవాళ్లు చిన్నవాళ్ల లెక్క వినకుండా పెన్ను పట్టుకోవడం లేదు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని తగ్గించి చెప్పాలి. ఈ గొలుసు సైన్సులోనే కుదురుతుంది. చరిత్రకి వచ్చేసరికి మళ్లీ పాతకథే, చిన్నవాళ్లు బొమ్మలు అతికిస్తారు, ఆ బొమ్మలతో ఎవరికీ పని ఉండదు. 11-13 జట్టులో ఇద్దరికన్నా తక్కువ మంది వచ్చిన వారం వాళ్లు విద్యార్థులు కాదు, జీతంలేని టీచర్లు. 5 నుంచి 13 దాకా అందర్నీ ఒకే గొలుసులో కట్టకుండా, మాంటిస్సోరి పద్ధతిలో మూడేళ్ల తేడాతో 3-6, 6-9, 9-12 అని జట్లు కట్టడం వెనక ఇంగితం అప్పుడు తెలుస్తుంది.

లెక్కలకి నిచ్చెన కార్డులు వాడుతున్నారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి వాళ్లు, ఒకే టీచరు అన్ని తరగతులూ చూసే పల్లె బడుల కోసం తయారుచేసిన పద్ధతి అది. పిల్ల నిచ్చెన మీద తన మెట్టు చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తీసుకుని, ఆ గుర్తు చెప్పే గుంపులో కూర్చుంటుంది. గొప్ప ఆలోచనే, కాకపోతే అది రోజూ నడిచే బడికోసం పుట్టింది. వారానికోసారి వచ్చే పిల్లకి తన మెట్టేదో గుర్తుండదు, మొదటి అరగంట కార్డు వెతకడానికే పోతుంది. ఇంటికి జిరాక్సు సెట్టు ఇస్తే నడుస్తుంది, అడిగి తీసుకోండి.

ఓపెన్ స్కూల్ పదో తరగతి దగ్గరపడ్డ పిల్లలకి ఇది సరిపోదు. ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్‌లో) దానికి 14 ఏళ్లు నిండాలి, ఒక భాషతో కలిపి అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి, ప్రతిదానికీ అసైన్‌మెంట్లు పంపాలి. ఆ పని ఇక్కడ ఎవరూ చేయించరు. ఒక్క బిడ్డే ఉండి, ఆ బిడ్డకి 13 దాటితే నేనైతే చేర్చను. మా ఇంట్లో ఒకరికి 6, ఇంకొకరికి 11 కాబట్టి ఇప్పటికి సరిపోతోంది. పెద్దవాణ్ణి ఇంకో ఏడాది చూసి మాన్పిస్తాం. చిన్నది ఉంటుంది, దాని జట్టులో కనీసం నలుగురు మిగిలితే.